బెత్లెహేం వీడియోలో ఎర్రకోటు తాత

సత్యం అన్నయ్యకి ఇంగ్లీషు రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకో బరువు దిగిపోతుంది. కూర్మన్నపాలెంలో మా తరం వాళ్ళకి ఇంగ్లీషు సినిమాలన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పిన మనిషికి ఇంగ్లీషు రాదంటే మా ఆయన శివరామకృష్ణ ఇప్పటికీ నమ్మరు. కానీ నిజం. ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా కలిపితే ముప్పయ్యో నలభయ్యో మాటలు. అవి కూడా ఓడల దగ్గర నేర్చుకున్నవి. లాగు, వదులు, బిగించు, ఆపు. విశాఖ పోర్టులో ఓడ ఒడ్డుకి ఆనేటప్పుడు దాని మోకులు అందుకుని ఇనప దిమ్మెలకి తగిలించే గ్యాంగులో ఎనిమిదేళ్ళు చేశాడు. ఆ చదువుతోనే మాకు పదిహేనేళ్ళు సినిమాలు చెప్పాడు.

మాది గోదావరి జిల్లాలో పెనుగొండ దగ్గర పల్లె. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో మా ఆయనకి కోక్ ఓవెన్స్‌లో ఉద్యోగం వచ్చి, పెళ్ళయిన ఆర్నెల్లకే కూర్మన్నపాలెంలో రెండు గదుల వాటాలో దిగాం. పక్క వాటా సత్యం అన్నయ్యది. వాళ్ళు క్రైస్తవులు, మేము కాదు. మేం దిగిన రోజే "ఏటి సెల్లెమ్మా, నీళ్ళు కావాలేటి?" అంటూ రెండు బిందెలు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు కాబట్టి అన్నయ్య అయ్యాడు. ఆయన భార్య దీవెనమ్మ నాకు వదిన. కూతురు ఆశాజ్యోతికి అప్పుడు ఏడేళ్ళు, కొడుకు కెన్నీకి రెండేళ్ళు. ఓసారి అన్నయ్య మోకు జారి ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళలో పడితే పైనించి తాడు విసిరి లాగిన నావికుడి పేరు కెన్నీ అట. ఆ పేరే కొడుక్కి పెట్టుకున్నాడు.

పోర్టులో ఉద్యోగం పర్మనెంటు కాలేదు. అన్నయ్య ఏడుస్తూ కూర్చోలేదు. మా ఇంటెదురు రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఓ కలర్ టీవీ, ఓ వీసీపీ పెట్టి, గుమ్మం మీద తనే ఎర్ర రంగుతో "బెత్లెహేం వీడియో" అని రాశాడు. కిటికీలకి గోనెసంచులు కొట్టాడు. ఆటలు సినిమా హాలు టైములకి ఉండవు, ప్లాంటు షిఫ్టుల ప్రకారం ఉంటాయి. నైట్ షిఫ్టు దిగినవాళ్ళకి పొద్దున్న తొమ్మిదింటికి ఒక ఆట. పొద్దున షిఫ్టు వాళ్ళకి సాయంత్రం. గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆడవాళ్ళకి. దెయ్యం సినిమా అంటే అర్ధరాత్రి చూడాలని ఇప్పటి పిల్లలు అంటారు గానీ, మా కూర్మన్నపాలెంలో దెయ్యాలన్నీ పొద్దున్నే ఇడ్లీ తిన్నాక వచ్చేవి.

తెలుగు సినిమాలు ఎక్కడైనా దొరికేవి. బెత్లెహేం వీడియో పేరు నిలబెట్టినవి ఇంగ్లీషువే. అన్నయ్య పాత గ్యాంగులో సింహాద్రి అనే ఆయన ఉండేవాడు. పోర్టుకొచ్చిన ఓడల్లో నావికులకి పచ్చి జీడిపప్పో, మాగాయో ఇచ్చి, వాళ్ళు చూసి పారేసే క్యాసెట్లు పట్టుకొచ్చేవాడు. "బావా, ఇది మా మంచిది. వోడలోన గెడ్డపోడు ఒకడు దీన్ని సూసి నిద్రపోలేదంట" అని ఇచ్చి పోయేవాడు. డిసెంబరు వచ్చిందంటే ఆ క్యాసెట్లలో సగం క్రిస్మస్ దెయ్యాలవే. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. మా వైపు దెయ్యాలు అమావాస్యకి వస్తాయి గానీ పండగనాడు పిండివంటల మధ్యకి రావు. వీళ్ళదేం గోల అనుకున్నాను. చూశాక మాత్రం గురువారం ఆట ఒక్కటి కూడా మానలేదు.

అన్నయ్య పద్ధతి ఇలా ఉండేది. కొత్త క్యాసెట్ వస్తే తలుపు వేసుకుని ఒక్కడే మూడుసార్లు చూసేవాడు. తర్వాత టీవీ పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, సౌండు తగ్గించి, కథ చెప్పేవాడు. ఆ దొరల పేర్లు మాకు నోరు తిరగవని తనే పేర్లు పెట్టేవాడు. ఏ సినిమా అయినా పెద్దమ్మాయి మేరీ, ఆమె మొగుడు డేవిడు, కుక్క టైగరు. "అదిగో, మేరీ మెట్లు దిగతంది. కింద సీకటి. దిగొద్దే అంటే ఇంటదేటి? మీరైనా సెప్పండి" అనేవాడు. మేమంతా "దిగొద్దు" అనేవాళ్ళం. మేరీ మా మాట వినేది కాదు.

ఓ ఏడు ఎర్రకోటు, తెల్లగడ్డం వేసుకున్న క్రిస్మస్ తాతే కొంకి పట్టుకుని ఇళ్ళల్లో జొరబడే సినిమా ఒకటి వచ్చింది. అది ఆడిన వారానికే చర్చి వాళ్ళు పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగే రోజులు వచ్చాయి. ఆ బృందంలో క్రిస్మస్ తాత వేషం ఎప్పుడూ సత్యం అన్నయ్యదే. ఎర్ర బుగ్గల ప్లాస్టిక్ మొహం తగిలించుకుని, డప్పుకి తగ్గట్టు గెంతుతూ మా వీధిలోకి వచ్చేసరికి ఒక్క తలుపు తెరిచి ఉంటే ఒట్టు. క్రేను నడిపే కృష్ణంరాజు గారు, నిలువెత్తు మనిషి, లోపల గడియ పెట్టుకుని మంచం కిందకి దూరారు. వాళ్ళావిడే మర్నాడు నూతి దగ్గర చెప్పింది. మూడు రోజులు తాతకి ఎవరూ ఒక్క చాక్లెట్టు ఇవ్వలేదు, ఆయన పంచిన చాక్లెట్టు ఎవరూ తీసుకోలేదు.

పాస్టరు అయ్యగారు పిలిపించి గట్టిగా అడిగారట, రక్షకుడు పుట్టిన రోజున ఈ చంపుకోవడాలేమిటని. అన్నయ్య చేతులు కట్టుకుని, "అయ్యగారూ, హేరోదు రాజు కూడా క్రిస్మస్ కతలోనే ఉన్నాడు కదండి. సంటిపిల్లల్ని సంపించీసింది ఆ పండగలోనే కదండి" అన్నాడట. అయ్యగారు వేషం మాత్రం వేరేవాళ్ళకి ఇమ్మన్నారు. ఈ కథ అన్నయ్య ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వాడో లెక్కలేదు. ఆ మరుసటి ఏడు దసరా వెళ్ళాక మాత్రం మళ్ళీ చెప్పలేదు.

దసరా వెళ్ళిన వారానికి కెన్నీకి జ్వరం వచ్చింది. ఐదేళ్ళవాడు. రెండో రోజు మధ్యాహ్నం కళ్ళు తేలేస్తే నేనూ దీవెనమ్మా ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. షెడ్డులో ఆట నడుస్తోంది. నేనే తలుపు కొట్టి చెప్పాను. అన్నయ్య బెత్తంతోనే బయటికి వచ్చి, "ఇంకో పావుగంట సెల్లెమ్మా, ఆట అయిపోగానే ఎనకాలే వచ్చీస్తాను. మీరు బేగి ఎల్లండి" అన్నాడు. జ్వరమే కదా అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన ఆసుపత్రికి వచ్చేసరికి పిల్లాడి మీద దుప్పటి కప్పేశారు. మెదడువాపు అన్నారు.

బెత్లెహేం వీడియోకి తాళం పడింది. దీవెనమ్మ ఏడవలేదు. అదే నాకు భయం వేసింది. గోడకి ఆనుకుని కూర్చునేది. నేను అన్నం పట్టుకెళ్తే రెండు మెతుకులు నోట్లో వేసుకుని కంచం పక్కకి జరిపేది. అన్నయ్య ఆమె ఎదురుగా కూర్చోలేక వీధిలో తిరిగేవాడు. డిసెంబరులో సింహాద్రి ఓ క్యాసెట్ తెచ్చి, లోపలికి రావడానికి మొహం చెల్లక గుమ్మం మీద పెట్టిపోయాడు. పైన ఎర్ర కాగితం అతికించి ఉంది. నాలుగు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చివరికి దీవెనమ్మే, "ఎన్నాళ్ళు మూసుకుని కూకుంటావు? పండగొస్తంది. తెరు" అంది.

ఆ గురువారం ఆటకి ఆమె నా చెయ్యి పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఇదీ ఎర్రకోటు తాత సినిమాయే. కొండ మీద చెక్క ఇల్లు, చుట్టూ మంచు. ఇంట్లో మేరీ, డేవిడు, వాళ్ళ చిన్నపిల్లాడు. అప్పటిదాకా కుక్కకి కూడా పేరు పెట్టిన అన్నయ్య ఈ పిల్లాడికి పేరు పెట్టలేదు. ఉత్త "గుంటడు" అన్నాడు. ఎర్రకోటు తాత మొహం సినిమా మొత్తం మీద ఒక్కసారి కూడా కనిపించదు. బూట్లు కనిపిస్తాయి. మెడలో చిరుగంట వినిపిస్తుంది. ఫోను మోగుతుంది, ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట ఉండదు. టేపు అరిగిపోయి బొమ్మ మీద గీతలు జారుతుంటే ఆ గీతల వెనకాలే వాడున్నాడని అందరం కాళ్ళు బెంచీ మీదకి తీసుకున్నాం. ఆఖర్న పిల్లాడు కనబడడు. మేరీ ఇల్లంతా వెతుకుతుంది. మంచులో చిన్న బూటు ఒకటి దొరుకుతుంది. అది పట్టుకుని మనకి వీపు పెట్టి నిలబడుతుంది. భుజాలు అదురుతుంటాయి.

అన్నయ్య టీవీకి ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు. తర్వాత బెత్తంతో ఆ భుజాలు చూపించాడు.

"దొరికీసేడు. తలుపెనకాల నక్కేడు గుంటడు. ఆలమ్మ సూసీసింది. సూసీసి సూడనట్టు నిలబడి నవ్వుతంది. బుజాలు సూడండి, నవ్వాపుకోలేకపోతంది."

అని టీవీ కట్టేశాడు. షెడ్డులో ఉన్న ఇరవై మంది ఆడవాళ్ళం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. ఆ సాయంత్రం దీవెనమ్మ మా ఇంటికి వచ్చి, "వదినా, సారేటైనా ఉందేటి?" అని అడిగి, అన్నంలో చారు పోసుకుని కడుపునిండా తింది. రెండు నెలల తర్వాత అది ఆమె తిన్న మొదటి భోజనం. అన్నయ్య కూడా ఆమె పక్కనే కూర్చుని తిన్నాడు. ఆ రోజు ఎర్రకోటు తాత పుణ్యాన నా స్నేహితురాలు నాకు తిరిగి దక్కిందని దండం పెట్టుకున్నాను.

అప్పటినుంచి ప్రతి క్రిస్మస్ మధ్యాహ్నం ఆ సినిమా వేయడం మా వీధి ఆనవాయితీ అయింది. కేబుల్ టీవీ వచ్చి బెత్లెహేం వీడియో మూతపడింది. అన్నయ్య జెరాక్స్ కొట్టు పెట్టుకున్నాడు. క్యాసెట్‌కి బూజు పట్టి ఇక నడవనంది. అయినా ఆనవాయితీ పోలేదు. వరండాలో అందరం కూర్చుంటే ఉత్త గోడ మీద బెత్తం ఆడిస్తూ, "అదిగో బూట్లు" అని ఆయన చెబుతుంటే మాకు కనిపించేవి. ఆ సినిమా చూడని పిల్లలకి కూడా ఆ సినిమా కంఠతా వచ్చు. ఏటా గుంటడు తలుపు వెనకాలే దొరికేవాడు, ఏటా దీవెనమ్మ లేచి కేకు కోసేది.

మొన్న ఆగస్టులో అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనిషి తెలివిగానే ఉన్నాడు, అంతా వింటాడు, అన్నిటికీ తలూపుతాడు. నోటినుంచి "న... న..." తప్ప రాదు. అన్నేళ్ళు మాకు మాటలు పంచిపెట్టిన నోరు అలా అయిపోతే చూడటానికి నాకు చాలా కష్టంగా ఉండేది. చూసిన ప్రతిసారీ ఇంటికొచ్చి ఎవరో ఒకరి మీద కసురుకునేదాన్ని.

డిసెంబరులో మనవరాలు ఫ్లోరా సెలవు పెట్టి వచ్చింది. ఆశాజ్యోతి కూతురు. ఆశాజ్యోతి సీతమ్మధారలో ఓ క్లినిక్కులో నర్సు, పండక్కి కూడా డ్యూటీయే. ఫ్లోరా రుషికొండలో సాఫ్ట్‌వేరు ఆఫీసులో చేస్తూ, ఫోనులో దెయ్యం సినిమాల గురించి మాట్లాడే ఛానెల్ ఒకటి నడుపుతుంది. తాత పోలికే. ఈసారి దాని అంశం పాత క్రిస్మస్ దెయ్యాలా, కొత్త క్రిస్మస్ దెయ్యాలా అని. నేనూ దీవెనమ్మా పండక్కి గులాబీ పువ్వుల పిండివంట వేస్తుంటే పీట లాక్కుని కూర్చుని వాదన పెట్టుకుంది.

"తాయారమ్మమ్మా, మీ పాతవాటిల్లో అమ్మాయిలు అరవడం తప్ప ఏం చేశారు చెప్పు. చీకట్లోకి వెళ్ళడం, చావడం. కొత్తవాటిల్లో తిరగబడతన్నారు."

ఆ మాట ఒప్పుకున్నాను. మేరీని ఎన్నిసార్లు దిగొద్దన్నా దిగింది. ఆ పిల్ల చేతికి ఓ పచ్చడిబండ ఇచ్చి ఉంటే మాకంత ఆయాసం ఉండేది కాదు.

"కానీ మా ఎర్రకోటువి బూట్లే కనబడేవే. మిగతా మనిషిని మేమే తయారు చేసుకునేవాళ్ళం. ఎవరికి వాళ్ళకి ఒక్కో మొహం. మీ కొత్తవాటిల్లో మొదటి పావుగంటలోనే దాని పళ్ళన్నీ లెక్కెట్టేయొచ్చు. ధబీమని చప్పుడు చేసి ఉలికిపడేలా చేస్తారు. ఉలికిపాటుకి సినిమా ఎందుకు, మా కుక్కర్ విజిల్ చాలు."

"కొత్తవాటిల్లో దెయ్యానికి కారణం ఉంటుంది అమ్మమ్మా. చిన్నప్పుడు దానికేం అన్యాయం జరిగిందో చెప్తారు. మీ ఎర్రకోటు ఊరికే వచ్చి చంపేస్తాడు. ఏం కారణం?"

దీవెనమ్మ గులాబీ పువ్వుల గుత్తిని నూనెలోనే ఉంచి, "అన్నిటికీ కారణం ఉంటాదేటే? జొరానికేటి కారణం?" అంది. తర్వాత పువ్వు మాడిపోతోందని గబుక్కున తీసేసింది. కొత్తొక వింత, పాతొక రోత అని నేనేదో సామెత అని మాట మార్చేశాను.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు ఫ్లోరా తాత మంచం పక్కన కూర్చుని అసలు సంగతి బయటపెట్టింది. మా సినిమా దానికి ఇంటర్నెట్‌లో దొరికిందట. గీతలు లేకుండా, కడిగిన ముత్యంలా. కింద తెలుగులో అక్షరాలు కూడా పడతాయట. పండగనాడు అందరితో కలిసి చూడాలని తనింకా చూడకుండా ఉంచిందట. "పండగ రోజు అందరికీ పాతదొకటి, కొత్తదొకటి వేసి ఓటింగ్ పెడదాం. నువ్విన్నాళ్ళు చెప్పిన సినిమా నేను నీకు చూపిస్తన్నాను తాతయ్యా" అని ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టింది. పాపం, ఎంత సంబరపడుతూ చెప్పిందో.

అన్నయ్య మొహంలో రక్తం లేదు. ఫ్లోరా లేచి వెళ్ళగానే ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని గుంజాడు. కావలసినవి రాసి చూపించడానికి మంచం పక్కన పలక పెట్టాం. ఎడమ చేతి రాత, కోడి కెలికినట్టు ఉంటుంది. చాలాసేపు రాశాడు.

"ఆకర్న గుంటడు సచ్చిపోతాడు. దీవెనకి తెలీదు."

నేను రెండుసార్లు చదివాను. మొదట నాకొచ్చింది కోపం. ముప్పయ్యయిదేళ్ళు మా చెవుల్లో పువ్వులు పెట్టాడా ఈ మనిషి, ఆ నవ్వే తల్లి కోసం నేను ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నాను అనిపించింది. తర్వాత ఆ గురువారం గుర్తొచ్చింది. ఒక్కడే తలుపేసుకుని మూడుసార్లు ఆ ఆఖరి సీను చూసి ఉంటాడు. పిల్లాణ్ణి మట్టిలో పెట్టి రెండు నెలలే అయింది. చూసి బయటికి వచ్చి, తన పెళ్ళాం ముందు నిలబడి, నవ్వుతోందని చెప్పాడు. నేను పలక తుడిచేశాను. "నేను చూసుకుంటా అన్నయ్యా" అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలీదు.

వద్దంటే ఫ్లోరా కారణం అడుగుతుంది. కారణం చెబితే ఆ పిల్ల మొహమే అంతా చెప్పేస్తుంది. అందుకని కోపం నటించి, "అక్షరాలు చదువుకుంటూ చూడటం ఏం సినిమా? మా సినిమా అంటే ఒకరు చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. నేను చెబుతాను. ఆ అక్షరాలు తీసెయ్. సౌండు తగ్గించు. ఆఖర్న ఆమె వీపు పెట్టి నిలబడుతుంది చూడు, మీ తాత ఎప్పుడూ అక్కడే కట్టేసేవాడు, నువ్వూ అక్కడే కట్టెయ్" అన్నాను. ఫ్లోరా ఎగిరి గంతేసింది. అలా చెప్పడం ప్రపంచంలో ఎవరూ చేసి ఉండరట, ఫోనులో తీస్తానంది.

ఇరవైనాలుగో తారీకు పొద్దున్న దీవెనమ్మ చర్చి అలంకరణకి వెళ్ళింది. నేను బెత్తం పట్టుకుని అన్నయ్య మంచం ఎదురుగా నిలబడి పాఠం ఒప్పజెప్పాను. ఒక్క సీను తప్పినా ఆయన ఎడమ చేత్తో మంచం పట్టీ మీద కొట్టేవాడు. కుక్క మొరిగేది ఫోను మోగక ముందు, తర్వాత కాదు. గంట చప్పుడు మూడుసార్లు, రెండుసార్లు కాదు. "నవ్వుతోంది" అని నేనంటే మళ్ళీ పట్టీ మీద దెబ్బ. నా గోదావరి మాట పనికిరాదు. "నవ్వుతంది" అన్నాక తలూపాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక నేను ఓ మనిషి చేతిలో అంత శ్రద్ధగా చదువుకోవడం అదే మొదలు.

పండగనాడు ఆరాధన అయి, బిరియానీలు తిని, మూడింటికి అందరూ వచ్చారు. కృష్ణంరాజు గారు చేతికర్రతో వచ్చి, మంచం కిందకి తనిప్పుడు దూరలేనని ముందే చెప్పారు. కిటికీకి దుప్పటి కట్టాం. అన్నయ్యని చక్రాల కుర్చీలో టీవీకి దగ్గరగా కూర్చోబెట్టాం. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దీవెనమ్మ. నేను బెత్తం పట్టుకున్నాను.

ఆ శుభ్రమైన బొమ్మ చూసి నాకు మొదట ఉసూరుమంది. మంచు అంతా దూదే. ఎర్రకోటు అంచున కుట్టు విడిపోయి ఉంది. రక్తం టమాటా సాసు. గీతలు పోగానే భయం కూడా సగం పోయింది. కానీ నోరు తెరిచి "అదిగో, మేరీ మెట్లు దిగతంది. దిగొద్దే అంటే ఇంటదేటి?" అనగానే గదిలో సగం మంది "దిగొద్దు" అన్నారు. చిన్నప్పుడు వరండాలో విన్న పిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులు. మా ఆయన కూడా అన్నారు. అక్కణ్ణుంచి నాకు బొమ్మతో పనిలేకపోయింది. ఆ షెడ్డు, ఆ గోనెసంచులు, ఆ బెంచీల మీద చెమట వాసన, అన్నీ తిరిగొచ్చాయి. అన్నయ్య కళ్ళు టీవీ మీద లేవు, నా నోటి మీద ఉన్నాయి.

ఆఖరి సీను వచ్చింది. బూటు దొరికింది. మేరీ వీపు పెట్టి నిలబడింది.

"దొరికీసేడు. తలుపెనకాల నక్కేడు గుంటడు. ఆలమ్మ సూసీసింది. సూసీసి సూడనట్టు నవ్వుతంది. బుజాలు సూడండి."

ఇక కట్టేయాలి. కట్టలేదు. ఫ్లోరా ఫోనులో నన్ను తీస్తూ మైమరిచి నిలబడిపోయింది. బొమ్మ ఆగకుండా మేరీ చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. ముప్పయ్యయిదేళ్ళలో మేమెవరం చూడని మొహం టీవీ నిండా కనిపించింది. నోరు తెరుచుకుని ఉంది. కళ్ళవెంట ధారలు. ఏ తల్లీ అంతకంటే ఏడవలేదు.

నా చేతిలో బెత్తం అలాగే గాల్లో ఉండిపోయింది. అన్నయ్య కుర్చీలో ముందుకి వంగి "న... న... న..." అంటున్నాడు. ఆయన చెప్పాలనుకున్నది నాకు తెలుసు. ఆ ఒక్క మాటా ఆయన నోటినుంచి రావడం లేదు, నా నోటినుంచీ రావడం లేదు.

అప్పుడు దీవెనమ్మ, కుర్చీలోంచి కదలకుండా, మామూలు గొంతుతో అంది. "దొరికితే ఏడుపు రాదేటి? అంతసేపు ఎతికింది. నవ్వీ నవ్వీ ఏడుస్తంది." అన్నయ్య వైపు తిరిగి ఆయన పడిపోయిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "అంతే కదేటి?"

అన్నయ్య తలూపాడు. చాలాసార్లు ఊపాడు. ఫ్లోరాకి అప్పుడు గుర్తొచ్చి టీవీ కట్టేసింది. కృష్ణంరాజు గారు చప్పట్లు కొట్టారు.

కొత్త సినిమా మొదలయ్యాక నేనూ దీవెనమ్మా కేకు ముక్కలు కోయడానికి వంటింట్లోకి వెళ్ళాం. ముందు గదిలోంచి ధబీధబీమని చప్పుళ్ళు వస్తున్నాయి. గండం గట్టెక్కిందని నేను ఊపిరి పీల్చుకుంటున్నాను. దీవెనమ్మ కత్తి తుడుస్తూ, "నవ్వితే బుజాలు అలాగ కదలవొదినా" అంది.

నేను ఆమె వైపు చూశాను.

"మొదటి రోజే తెలిసిపోనాది నాకు. ఆడదాన్ని, పిల్లణ్ణి పోగొట్టుకున్నదాన్ని, నాకు తెలీదేటి? నవ్వితే పైకీ కిందకీ కదుల్తాయి. ఏడిస్తే లోపలికి ముడుసుకుంటాయి."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకూరుకున్నావు? ఆ రోజు నా దగ్గరికొచ్చి చారన్నం తిన్నావు కదా."

"నాను తింటే ఆయన తింటాడని తిన్నాను. కెన్నీ పోయినప్పుడు ఈయన ఆటలో ఉన్నాడు కదా. ఆ పావుగంట ఆయన్ని తినేస్తంది. ఎవుల్తోనూ అనడు. ఆ బొమ్మలోన గుంటణ్ణి బతికించీసినాకే ఆ రోజు కూడు ముట్టేడు." కేకు ముక్కలు పళ్ళెంలో సర్దింది. "ఏడాదికోపాలి బతికించుకోనీ అనుకున్నాను. మనకేటి పోయింది?"

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా ఏడ్చాను. ఒకరికి తెలియకూడదని ఒకరు ఇన్నేళ్ళు కాపలా కాసుకున్న ఇంట్లో, పక్క వాటాలోనే ఉండి, అంతా నాకే తెలుసనుకున్నాను. దీవెనమ్మ నన్ను ఏడవనిచ్చి, తర్వాత "మొకం కడుక్కో, ఆయన సూత్తాడు" అంది.

పళ్ళెం పట్టుకుని ఆమె ముందు వెళ్ళింది, నేను వెనకాల వంటింటి గుమ్మంలో ఆగాను. టీవీలో కొత్త సినిమా అమ్మాయి దెయ్యాన్ని పార పెట్టి బాదుతోంది. బాగానే బాదుతోంది. అన్నయ్య కుర్చీ మనకి వీపు పెట్టి ఉంది. దీవెనమ్మ ఆయన నోట్లో కేకు పెట్టి, చెవి దగ్గర వంగి, "ఆట బాగా సెప్పింది వదిన. వచ్చే యేడు కూడా తనే సెప్తాది" అంది. ఆయన భుజాలు కదిలాయి.

ఫ్లోరా కాగితం ముక్కలు పట్టుకుని, పాతదా కొత్తదా అని ఓట్లడుగుతూ నా దగ్గరికి వచ్చింది. నేను ముందుకి వెళ్ళి ఆయన మొహం చూడలేదు. నా ఓటు పాతదానికే వేశాను.